గనుల సొమ్ముతో ప్రతిపక్షం ఎంత దూరం నడుస్తుంది?

2014 డిసెంబరు చివర్లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, గనుల రాష్ట్రమైన కటాంగా రాజధాని లుబుంబాషిలో జరిగిన సభలో మొయిజ్ కటుంబి జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. రిఫరీ రెండు తప్పుడు పెనాల్టీలు ఇచ్చినా సహించాం, మూడోదీ ఇస్తే ఊరుకుంటామా అన్నది దాని సారాంశం. అప్పటి కాంగో అధ్యక్షుడు జోసెఫ్ కబిలా పేరు ఆయన ఎత్తలేదు. కానీ మూడో పెనాల్టీ అంటే మూడో పదవీకాలమని విన్నవాళ్లకు అర్థమైంది. రాజ్యాంగం ప్రకారం కబిలాకు రెండో పదవీకాలమే ఆఖరిది. అయినా కుర్చీ దిగరేమోనన్న అనుమానం అప్పటికే బలపడింది. విశేషమేమిటంటే, ఆ మాట అన్న కటుంబి కబిలా పార్టీకే చెందిన కటాంగా గవర్నరు.

అంత ధైర్యం ఆయనకు సొంత డబ్బు నుంచి, సొంత జనం నుంచి వచ్చింది. కటుంబి 1964లో కటాంగాలో పుట్టారు. తండ్రి రోడ్స్ ద్వీపం నుంచి వచ్చి స్థిరపడిన యూదుడు, తల్లి కాంగో మహిళ. చేపల వ్యాపారంలో ఎదిగి, 1997లో ఎంసీకే అనే గనుల కాంట్రాక్టు కంపెనీ పెట్టారు. అదే ఏడాది లుబుంబాషిలోని టీపీ మజెంబే ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడయ్యారు. ఆయన్ను జననాయకుణ్ని చేసింది గనుల కన్నా ఈ క్లబ్బేనని నా అభిప్రాయం. మజెంబే 2009, 2010, 2015లలో ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2010లో క్లబ్ ప్రపంచకప్ ఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు కూడా అదే. ఇంటర్ మిలాన్ చేతిలో 3-0 తేడాతో ఓడింది, నిజమే. కానీ తమ రాగి, కోబాల్ట్ ప్రపంచమంతా వాడుకుంటున్నా తమ ఊరి పేరు ఎవరికీ తెలియని ప్రజలకు అది ఎంత పెద్ద విషయమో ఊహించవచ్చు.

2007 నుంచి 2015 దాకా గవర్నరుగా ఉన్న కటుంబి, ముడి ఖనిజాన్ని శుద్ధి చేయకుండా ఎగుమతి చేయరాదని పట్టుబట్టారు, రోడ్లు వేయించారు. ఆ పనులకు మెచ్చుకోవాల్సిందే. అయితే గనుల కాంట్రాక్టరే గనుల రాష్ట్రానికి పాలకుడు కావడం తప్పు. ఇంకో మాట కూడా చెప్పాలి. 2011 ఎన్నికల ఫలితాలకు విశ్వసనీయత లేదని ఎన్నికలను పరిశీలించే అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ తేల్చినప్పుడు కటుంబి గెలిచిన పక్షంలోనే ఉన్నారు.

2015లో కటాంగాను నాలుగు ముక్కలు చేశారు. ఆ సెప్టెంబరులో కటుంబి పార్టీ వీడారు, ఏడాది తిరక్కుండానే ఎంసీకేను ఒక ఫ్రెంచ్ సంస్థకు అమ్మేశారు. ప్రభుత్వం తలచుకుంటే ముందు దెబ్బ పడేది కంపెనీ మీదేనని ఆయనకు బాగా తెలుసు. 2016 మేలో కిరాయి సైనికులను తెచ్చారన్న ఆరోపణ వచ్చింది. వైద్యం కోసమని దేశం దాటాక, పాత ఇంటి వివాదంలో మూడేళ్ల జైలుశిక్ష పడింది. 2018 ఆగస్టులో జాంబియా వైపు నుంచి కసుంబలేసా సరిహద్దుకు వస్తే లోపలికి రానివ్వలేదు. దాంతో నామినేషన్ వేసే అవకాశమే లేకపోయింది. కబిలా దిగిపోయి ఫెలిక్స్ చిసెకెడి అధ్యక్షుడయ్యాక, 2019లో అదే శిక్ష రద్దయింది. ఇలా అధ్యక్షుడితోపాటు తీర్పులూ మారే చోట ప్రతిపక్ష నేతకు భద్రత ఎక్కడిది?

తర్వాత కటుంబి చిసెకెడి కూటమిలో చేరి, 2022 డిసెంబరులో బయటికొచ్చారు. తల్లి, తండ్రి ఇద్దరూ కాంగో వాళ్లయితేనే అధ్యక్ష పదవికి అర్హులనే బిల్లు అప్పటికే తెర మీద ఉంది. అది ఎవరిని ఉద్దేశించిందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. 2023 జూలైలో ఆయన పార్టీ అధికార ప్రతినిధి, మాజీ మంత్రి షెరుబిన్ ఒకెండె కిన్షాసాలో తన కారులో శవమై కనిపించారు. ఆ డిసెంబరు ఎన్నికల్లో చిసెకెడికి 73 శాతం, కటుంబికి 18 శాతం ఓట్లు వచ్చినట్టు ప్రకటించారు. ఓటింగ్ నిర్వహణలో అవకతవకలు కళ్లకు కట్టినట్టు కనిపించాయి.

కటుంబిని నేను వీరుడిగా చూడను, అవకాశవాది అని కొట్టిపారేయనూ లేను. నా బాధ వేరే ఉంది. 23 లక్షల చదరపు కిలోమీటర్ల దేశంలో చాలా జిల్లాలకు సరైన రోడ్డే లేదు. ప్రచారానికి విమానాలు కావాలి, విమానాలకు డబ్బు కావాలి. ఆ డబ్బేమో ఎక్కువగా ప్రభుత్వ అనుమతులతో నడిచే గనుల్లో ఉంది. అందువల్ల ధనికుడే ప్రతిపక్షమవుతాడు, అతన్ని కేసులతో కట్టేస్తే పార్టీ మొత్తం ఆగిపోతుంది. 2018లో అదే జరిగింది. కటుంబి బయటే ఉండిపోవడంతో ఆయన వర్గం మరో ప్రతిపక్ష నేత మార్టిన్ ఫయులును బలపరచాల్సి వచ్చింది. సొంతంగా నిలబెట్టడానికి వాళ్లకు రెండో పేరు లేదు. 2019లో పార్టీగా ఏర్పడిన ఆ వర్గం, ఆన్‌సాంబ్ల్, నేటికీ కటుంబి పేరు మీదే నడుస్తోంది. ఆయన నిజంగా పార్టీని కట్టాలనుకుంటే, లుబుంబాషి దాటి, తనపై ఆధారపడకుండా పోటీకి నిలవగల నాయకులను ఇప్పటినుంచే ముందుకు తేవాలి.