ఒక భాష వదులుకోమన్న వారికి చికానో బ్యాట్‌మన్ ఇచ్చిన సమాధానం

లాస్ ఏంజెలెస్‌కు చెందిన చికానో బ్యాట్‌మన్ (చికానో అంటే మెక్సికో మూలాల అమెరికన్) అనే రాక్ బృందం ఎదుగుదలను వైవిధ్యం పద్దు కింద జమకట్టడం పరిపాటి అయింది. 2008లో మొదలై, పెద్ద సంస్థల అండ లేకుండా 2010లో తొలి ఆల్బమ్ తెచ్చి, 2015లో కాలిఫోర్నియాలోని పేరున్న కోచెల్లా సంగీతోత్సవం వేదిక ఎక్కి, 2017లో 'ఫ్రీడమ్ ఈజ్ ఫ్రీ' ఆల్బమ్‌తో దేశమంతటా పేరు తెచ్చుకున్న ఈ బృందానికి అమెరికా సంగీత పరిశ్రమ ఉదారంగా తలుపు తీసిందనీ, లాటినోల (లాటిన్ అమెరికా మూలాల వారి) జనాభా పెరిగింది కాబట్టి వారి పాటకూ గిరాకీ పెరిగిందనీ చెప్పే కథ వినడానికి హాయిగా ఉంటుంది. జరిగింది మాత్రం దాదాపు అందుకు విరుద్ధం. స్పానిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పాడే రాక్ బృందానికి ఆ పరిశ్రమలో కూర్చునే చోటే లేదు. స్వతంత్రంగా ఉండటం ఆ బృందానికి ఆదర్శం కావడానికి ముందు అనివార్యత.

అమెరికాలో రేడియో భాషను బట్టి రెండుగా చీలిపోయి ఉంటుంది. స్పానిష్ స్టేషన్లు మెక్సికన్ ప్రాంతీయ సంగీతాన్నో, పాప్‌నో, రెగెటోన్‌నో వినిపిస్తాయి. రాక్ స్టేషన్లకు ఇంగ్లిష్ తప్ప మరో భాష అక్కరలేదు. అవార్డుల సంగతి ఇంకా విచిత్రం. 2000లో మొదలైన లాటిన్ గ్రామీలలో పోటీకి నిలవాలంటే పాటల సాహిత్యంలో సగానికి పైగా స్పానిష్, పోర్చుగీసు వంటి భాషలు ఉండాలన్నది నియమం. అంటే ఒక ఆల్బమ్ లాటినోదా కాదా అన్నది పాడినవారి పుట్టుకను, వాయించిన తీరును, విన్నవారి ఇళ్లను బట్టి కాక, శాతాల లెక్కను బట్టి తేలుతుందన్నమాట. రెండు భాషలూ మాట్లాడే ఇంట్లో పుట్టిన పిల్లవాడు పాట రాసేటప్పుడు పక్కన కాలిక్యులేటర్ పెట్టుకోవాలి కాబోలు.

బార్డో మార్టినెజ్, ఎడువార్డో అరెనాస్, కార్లోస్ అరెవాలో, గాబ్రియేల్ విల్లా ఈ లెక్కను పట్టించుకోకుండా పాడారు, వాయించారు. నలుగురిదీ ఒకే నేపథ్యం కాదు. మెక్సికో, కొలంబియా, ఎల్ సాల్వడార్ మూలాలు ఆ బృందంలో కలిశాయి. 1970లలో చిలీకి చెందిన లోస్ ఆంఖెలెస్ నెగ్రోస్ వంటి బృందాలు పాడిన ప్రేమ గీతాలు, బ్రెజిల్ ట్రాపికాలియా అనే సంగీత ధోరణి, అమెరికన్ సోల్ సంగీతం వారి పాటల్లో ఏది ఎక్కడ ముగిసిందో చెప్పలేనంతగా కలిసిపోతాయి. ఆ పాత బృందాల మీద గౌరవంతోనే కుచ్చుల చొక్కాలు తొడుక్కుని వేదిక ఎక్కేవారు. ఇక వారి చిహ్నం చూడండి. సీజర్ చావెజ్, డొలోరెస్ హ్యుయెర్టా నడిపిన వ్యవసాయ కార్మిక సంఘం జెండా మీది డేగను బ్యాట్‌మన్ గబ్బిలం గుర్తుతో జోడించి గీసిన బొమ్మ అది. ద్రాక్షతోటల సమ్మె జ్ఞాపకాన్ని, బాల్యంలో టీవీ ముందు గడిపిన సాయంత్రాలను ఒకే రేఖలో ఇమిడ్చిన ఆ గీతలోనే బృందం తత్వమంతా ఉంది. వీరి దృష్టిలో ఒకటి వారసత్వం, మరొకటి దిగుమతి అన్న తేడా లేదు, రెండూ సొంతవే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ట్రంప్ తొలిసారి అధ్యక్ష పీఠానికి వస్తున్న రోజుల్లో ఒక విస్కీ కంపెనీ ప్రచారం కోసం అమెరికన్ జానపద గాయకుడు వుడీ గుత్రీ పాటను రెండు భాషల్లో పాడిన వారు స్వతంత్రులెలా అవుతారన్నది మొదటిది. 2020 నాటి 'ఇన్‌విజిబుల్ పీపుల్' ఆల్బమ్ అధిక భాగం ఇంగ్లిష్‌లోనే ఉంది కదా, పెద్ద శ్రోతల్ని చేరాలంటే చివరికి ఇంగ్లిష్ దారే పట్టాలి కదా అన్నది రెండవది. మొదటి దానిలో కొంత నిజముంది, కాదనను. అయితే కంపెనీ డబ్బు తీసుకున్న ఆ బృందమే 'ఫ్రీడమ్ ఈజ్ ఫ్రీ'లో పోలీసుల హింస మీద స్పానిష్‌లో 'లా హూరా' పాడింది. ఆల్బమ్‌ను తెచ్చిన ఏటీవో రికార్డ్స్ కూడా స్వతంత్ర సంస్థే. రెండవ దానికి 2024లో వచ్చిన 'నోట్‌బుక్ ఫాంటసీ' జవాబు చెబుతుంది. అందులో స్పానిష్ మళ్లీ పక్కనే వచ్చి కూర్చుంది. ఏ భాషలో పాడాలన్నది మార్కెట్ నిర్ణయమే అయివుంటే ఈ రాకపోకలు జరిగేవి కావు.

ఈ దారి వారు కొత్తగా వేసినదీ కాదు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో 1973లో పుట్టిన లోస్ లోబోస్ బృందం 1987లో 'లా బాంబా'తో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది అదే తరహా హిట్ కోసం అందరూ ఎదురుచూస్తుంటే, ఆ బృందం పూర్తిగా స్పానిష్‌లో మెక్సికన్ జానపద సంగీతంతో ఆల్బమ్ తెచ్చింది. వ్యాపార దృష్టితో చూస్తే అది పిచ్చిపని. ఆ పిచ్చిపని వల్లనే తరువాతి తరాలకు భాష మార్చుకోకుండా నిలబడవచ్చన్న ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

అసలు ఈ బృందాలను చూసి మనం ఆలోచించవలసింది సంగీతం గురించి కన్నా బడుల గురించి. 1968లో ఈస్ట్ లాస్ ఏంజెలెస్ హైస్కూళ్ల విద్యార్థులు వేల సంఖ్యలో తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చినప్పుడు, వారి డిమాండ్లలో ద్విభాషా బోధన ఒకటి. స్పానిష్ మాట్లాడితే బడిలో దండించే రోజులవి. ముప్పై ఏళ్ల తరువాత, 1998లో, కాలిఫోర్నియా ఓటర్లు 227వ ప్రతిపాదనను గెలిపించి ప్రభుత్వ బడుల్లో ద్విభాషా బోధనను దాదాపు తుడిచిపెట్టారు. 2016లో గానీ ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. విశేషమేమిటంటే, లాస్ ఏంజెలెస్ ద్విభాషా సంగీతం విరగకాసింది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. అక్కడి ఓజోమాట్లీ బృందం తొలి ఆల్బమ్ 1998లోనే వచ్చింది. చికానో బ్యాట్‌మన్ పుట్టిందీ, లా సాంటా సిసీలియా అనే మరో బృందం 2014లో గ్రామీ అందుకున్నదీ ఆ నిషేధం అమల్లో ఉన్నప్పుడే. దీన్నిబట్టి బడి అక్కరలేదని అనుకుంటే పొరపాటు. బడి కాదన్న భాషను ఇల్లు, పెరటి విందులు, తాత వినే పాత రికార్డులు, వీధి కచేరీలు మోశాయి. పిల్లలు ఆ భాషలో పరీక్ష రాయలేదు గానీ ప్రేమించారు, తిట్టుకున్నారు, జోకులు వేసుకున్నారు. అందుకే అది పాటకు పనికివచ్చింది.

ఇదే కాలిఫోర్నియాలో 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలైంది. ప్రవాస తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించే ఆ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మన ప్రవాస సంఘాలకు తెలుగు ఇప్పటికీ పద్యంగా, పట్టుబట్టగా, బహుమతిగా మాత్రమే పిల్లల చేతికి అందించే వస్తువు. ఆ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. జవాబు ఇంగ్లిష్‌లో వస్తుంది. ఆ జవాబును తప్పుగా దిద్దుతాం, లేదా సిగ్గుపడుతూ నవ్వి ఊరుకుంటాం. చికానో పిల్లలు అదే మిశ్రమాన్ని గిటార్ తీగల మీదికి తీసుకువెళ్లారు. మన పిల్లల్లో ఒకరు రేపు సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో సొంత పాట రాసుకుని ఏ మహాసభ వేదిక మీదో పాడతామంటే, దాన్ని ఏ విభాగంలో చేర్చాలో తెలియక నిర్వాహకులు ఆ పేరును జాబితా నుంచి తీసేసే అవకాశమే ఎక్కువ.