"బుర్ర ఉంది కానీ వాడడు" అని తేల్చింది ఎవరు?

ఈ మాట చెవిన పడకుండా పెరిగినవాళ్ళు తక్కువ. అమ్మ చుట్టాల ముందు అంటుంది, టీచర్ అమ్మతో అంటాడు, ఇరవై ఏళ్ళ తర్వాత మేనేజర్ అదే మాటకి పొటెన్షియల్ అని పేరు పెట్టి అప్రైజల్‌లో రాస్తాడు. దీనికి అందరూ చెప్పే మందు కూడా ఒకటే, "నీ బెస్ట్ నువ్వు ఇవ్వు, అంతే చాలు". వారానికి ఎన్ని గంటలు పని చేయాలి, ఎవరు కష్టపడుతున్నారు ఎవరు బద్ధకిస్తున్నారు అనే గొడవ లేచిన ప్రతిసారీ చివరికి వచ్చి ఆగేది ఈ రెండు మాటల దగ్గరే. నా వాదన ఏంటంటే ఈ రెండు మాటల వల్లా వినేవాడికి పైసా సాయం అందదు, చెప్పేవాడికి మాత్రం తన బాధ్యత అయిపోయిందనిపిస్తుంది.

ముందు "బెస్ట్ ఇవ్వు" సంగతి చూద్దాం. గ్యారీ లాథమ్ అనే సైకాలజిస్టు ఇంకొకాయనతో కలిసి 1975లో ఒక స్టడీ పబ్లిష్ చేశాడు, అమెరికాలో అడవి నుంచి మిల్లుకి దుంగలు తోలే లారీ డ్రైవర్ల మీద. చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతం దగ్గరే వాళ్ళ లోడ్లు ఆగిపోయేవి. దుంగలన్నీ ఒక సైజులో ఉండవు, ఎంత బరువెక్కిందో కంటితోనే అంచనా కట్టాలి, అందుకని తక్కువే వేసుకుని బయల్దేరేవాళ్ళు. అప్పటిదాకా వాళ్ళకి చెప్తూ వచ్చింది మీ బెస్ట్ చేయండి అనే. తర్వాత ఒక అంకె ఇచ్చారు, 94 శాతం. బోనస్ ఏమీ లేదు, అందుకోలేకపోతే శిక్ష కూడా ఏమీ ఉండదని చెప్పారు. మొదటి నెల 80కి వచ్చింది. రెండో నెల 70కి పడిపోయింది, ఎందుకో తెలుసా, శిక్ష ఉండదన్నారు కదా అది నిజమేనా అని డ్రైవర్లు టెస్ట్ చేసి చూశారు! నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత 90 దాటింది, దాటి అక్కడే నిలబడింది. బరువు ఇంకా కరెక్ట్‌గా అంచనా వేయడానికి లారీల్లో చిన్న చిన్న మార్పులు చేయమని డ్రైవర్లే అడిగారు కూడా.

నాకు ఈ స్టడీలో 94 కంటే ఆ రెండో నెల ముఖ్యం. ఆ నెల వాళ్ళ మీద ఎవరైనా అరిచి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మనిషి తన శక్తి మొత్తం బయటికి తీయాలంటే ఎక్కడికి చేరాలో కచ్చితంగా తెలియాలి, చేరలేకపోయినా పరువు పోదనే నమ్మకం ఉండాలి, ఆ నమ్మకాన్ని ఒకసారి పరీక్షించుకునే టైమ్ కూడా ఇవ్వాలి. "బెస్ట్ ఇవ్వు" అనే మాటలో వీటిలో ఒక్కటీ లేదు. బెస్ట్ అంటే ఎంత? రాత్రి పదింటికి నిద్రొస్తూ పుస్తకం ముందు కూర్చున్న పిల్లాడిని అడగండి, తను చేసిందే బెస్ట్ అంటాడు, అది అబద్ధం కాదు, వాడి దగ్గర వేరే కొలబద్ద లేదు మరి. లాథమ్, ఎడ్విన్ లాక్ అనే ఇంకో సైకాలజిస్టు ఇద్దరూ దశాబ్దాల పాటు రకరకాల పనుల మీద పోల్చి చూసి తేల్చింది కూడా ఇదే, స్పష్టంగా చెప్పిన కష్టమైన టార్గెట్ ముందు "మీ బెస్ట్ చేయండి" ఓడిపోతూనే వచ్చింది.

ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. పని పూర్తిగా కొత్తదైతే, ఇంకా ఓనమాల దగ్గరే ఉంటే, పెద్ద అంకె నెత్తిన పెడితే మనిషి కంగారు పడతాడు, విమానాలను దించే ఎయిర్ ట్రాఫిక్ పనిని కంప్యూటర్ మీద నేర్పిస్తూ చేసిన ప్రయోగంలో (1989లో పబ్లిష్ అయింది) మొదట్లో అంకె లేనివాళ్ళే బాగా చేశారు. సరే. కానీ అక్కడ కూడా కావాల్సింది ఫలానా పద్ధతి నేర్చుకో అనే స్పష్టమైన టార్గెట్టే, ఖాళీగా "బెస్ట్" అనడం కాదు. ఇక ఇదంతా బద్ధకానికి సాకు అనేవాళ్ళకి నా జవాబు ఏంటంటే, సాకు దొరికేది అంకె లేనిచోటే.

ఇప్పుడు ఆ బుర్ర సంగతి. లోపల ఎంత ఉందో చూడగలిగితేనే కదా వాడట్లేదని అనగలిగేది. ఎవరు చూడగలిగారు? లూయిస్ టెర్మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1921లో మొదలుపెట్టి ఐక్యూ టెస్టులతో 1,500 మందికి పైగా తెలివైన పిల్లల్ని ఏరి జీవితాంతం ఫాలో అయ్యాడు, ఆయన పోయాక కూడా ఆ స్టడీ నడిచింది. చాలామంది బాగానే బతికారు, చదువుల్లో ఉద్యోగాల్లో పైకొచ్చారు, కానీ వాళ్ళలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. అదే ఏరివేతలో స్కోరు చాలదని పక్కన పెట్టిన ఇద్దరికి వచ్చింది, విలియం షాక్లీకి 1956లో, లూయిస్ ఆల్వరెజ్‌కి 1968లో. తెలివిని కొలిచే రంగంలో ఆ రోజుల్లో బాగా పేరున్నవాళ్ళలో టెర్మన్ ఒకడు, ఆయనకే దొరకనిది పేరెంట్స్ మీటింగ్‌లో ఐదు నిమిషాల్లో దొరుకుతుందా?

కెనడాలో హాకీ ఇంకా విచిత్రం. అక్కడ పిల్లల టీములకి వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది, టాలెంట్ ఉందని ఏరిన కుర్రాళ్ళ పుట్టినరోజులు చూస్తే మొదటి మూడు నెలలవాళ్ళే కుప్పగా ఉన్నారని 1985లో బయటపడింది. డిసెంబర్ పిల్లాడికంటే జనవరి పిల్లాడు దాదాపు ఏడాది పెద్ద, పదేళ్ళ వయసులో ఏడాది అంటే ఒళ్ళూ బలమూ వేరు. కోచ్ దాన్ని టాలెంట్ అనుకున్నాడు, మంచి కోచింగ్ ఇచ్చాడు, ఎక్కువ మ్యాచులు ఆడించాడు, కొన్నేళ్ళకి అది నిజంగానే టాలెంట్ అయి కూర్చుంది. డిసెంబర్ పిల్లాడు ఇంటికెళ్ళిపోయాడు.

బుర్ర ఉందని పొగిడినా నష్టమే. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు పదీ పదకొండేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగాల్లో నువ్వు తెలివైనవాడివి అని మెచ్చుకున్నవాళ్ళు తర్వాత కష్టమైన పజిల్స్ వస్తే త్వరగా చేతులెత్తేశారు, మార్కులు ఎంతొచ్చాయో వేరే పిల్లలకి రాయమంటే దాదాపు నూటికి 40 మంది పెంచి రాశారు. బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్నవాళ్ళలో అలా చేసినవాళ్ళు చాలా తక్కువ. బుర్ర పేరు మీద బతికే పిల్లలకి ఆ పేరు కాపాడుకోవడమే ఒక పనైపోతుంది, నేను అలాంటివాళ్ళని దగ్గర్నుంచి చూశాను, పరీక్ష రాయకుండా ఎగ్గొడితే కనీసం "రాసుంటే ఫస్ట్ వచ్చేవాడు" అనే పేరైనా మిగులుతుంది కదా అని ఆగిపోయారు.

అసలు నన్ను కుదిపేసేది మాత్రం టైమ్. సైకాలజిస్టు ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో పబ్లిష్ చేసిన వయొలిన్ విద్యార్థుల స్టడీ నుంచి అందరూ గుర్తుపెట్టుకుంది వేల గంటల సాధన ఒక్కటే. అందులోనే ఇంకో లెక్క ఉంది, బాగా వాయించేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ నిద్రపోయారు, పగటి కునుకుతో కలిపి రోజుకి 8.6 గంటలు. వాళ్ళు ఒంటరిగా చేసే సాధన రోజుకి సుమారు మూడున్నర గంటలు, ఎవరూ పిలవని చోట. మూడున్నర గంటలు ఎవరూ పిలవకుండా, ఎనిమిదిన్నర గంటల నిద్ర, ఇవి ఎవరికి దొరుకుతాయి? ఎవరో ఒకరు వండి, ఉతికి, చంటిపిల్లని ఎత్తుకుని, ముసలివాళ్ళకి మందులేసి ఆ గంటలు మిగిల్చి పెట్టినవాళ్ళకి. ఆ మిగిల్చి పెట్టిన మనిషి పొటెన్షియల్ గురించి ఏ అప్రైజల్లోనూ రాయరు. జర్మనీలో ఫానీ మెండెల్సన్‌కి, తర్వాత పేరుమోసిన సంగీతకర్త అయిన తమ్ముడు ఫెలిక్స్‌తో సమానంగా సంగీతం నేర్పించారు, ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు, 1820లో, తండ్రి ఉత్తరం రాశాడు, సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారంగానే ఉండాలని. అయినా ఆమె 450కి పైగా రచనలు చేసింది, చాలావరకు బతికుండగా అచ్చవలేదు. ఈమెని బెస్ట్ ఇవ్వలేదని అనగలమా?

ఇదంతా పాతకాలం అనుకోవద్దు. అమెరికాలో పేటెంట్లు తీసుకున్నవాళ్ళ మీద ఎకనమిస్టు రాజ్ చెట్టి బృందం 2019లో పబ్లిష్ చేసిన లెక్క ప్రకారం, ఆదాయంలో పై 1 శాతం ఇళ్ళలో పుట్టిన పిల్లలు ఇన్వెంటర్లయ్యే అవకాశం, మధ్యస్థ ఆదాయం కంటే కింద ఉన్న ఇళ్ళ పిల్లలతో పోలిస్తే పది రెట్లు. మూడో తరగతిలో లెక్కల మార్కులు సమానంగా ఉన్న పిల్లల్ని పోల్చినా తేడా చాలావరకు అలాగే ఉంది. మహిళా ఇన్వెంటర్లు ఎక్కువున్న చోట పెరిగిన ఆడపిల్లలు అదే రంగంలో ఇన్వెంటర్లయ్యే అవకాశం కూడా ఎక్కువ. అంటే బుర్ర మూడో తరగతిలోనే ఉంది, దాన్ని ఎక్కడ వాడొచ్చో చూపించే మనిషే చుట్టుపక్కల లేదు.

జర్మన్ గణితవేత్త ఎమ్మీ నోథర్ 1900లో ఆడపిల్లల స్కూళ్ళలో ఇంగ్లీషు, ఫ్రెంచి చెప్పే టీచర్ పరీక్ష పాసైంది. ఆ దారి వదిలి లెక్కల్లోకి వచ్చింది, డాక్టరేట్ అయ్యాక ఎర్లాంగెన్ యూనివర్సిటీలో ఏడేళ్ళు జీతం లేకుండా చెప్పింది, 1915లో గోటింగెన్ యూనివర్సిటీకి వెళ్తే అక్కడ క్లాసులు కొన్నేళ్ళు హిల్బర్ట్ అనే పేరున్న లెక్కల ప్రొఫెసర్ పేరు మీద ప్రకటించాల్సి వచ్చింది. ఫిజిక్స్ ఇప్పటికీ ఆధారపడే ఆమె సిద్ధాంతం 1918లో వచ్చింది, సొంత పేరుతో పాఠం చెప్పే హక్కు 1919లో వచ్చింది, జీతం మొదలవడానికి 1923 దాకా పట్టింది. అన్నేళ్ళు ఆమె ఎలా బతికింది అంటే తండ్రి లెక్కల ప్రొఫెసర్, ఇంట్లో డబ్బుంది. అంతే తెలివుండి ఆ ఇల్లు లేని ఇంకో అమ్మాయి 1900లో అదే పరీక్ష రాసి, పాసై, ఆ టీచర్ ఉద్యోగంలోనే చేరిపోయి ఉంటుంది, బుర్ర ఉంది కానీ వాడదు అని ఆమెని ఎవరూ అని కూడా ఉండరు.