మహారాజశ్రీ తోక గారికి

మారతహళ్లి, బెంగళూరు.

మహారాజశ్రీ తోక గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, మన మధ్య ఉభయం అన్నదే లేకపోయె. కాబట్టి నా గోడు ఒక్కటే రాసుకుంటున్నాను.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. ఒక చార్టు మీద వరసగా చేప, కప్ప, బల్లి, పిట్ట, ఆవు, అన్నిటికన్నా పైన టై కట్టుకున్న మనిషి. బాణం గుర్తులు కూడా వేశారు. పిట్టలోంచి ఆవు ఎప్పుడు పుట్టింది బాబూ అని అడిగితే, "మిస్ చెప్పారంకుల్" అన్నాడు. పాలిచ్చే జంతువుల వంశమూ, బల్లులూ పిట్టలూ ఉన్న వంశమూ 30 కోట్ల ఏళ్ల కిందటే వేరు కాపురం పెట్టాయి. వాళ్లు మనకి పెద్దనాన్న పిల్లలు, తాతలు కారు. సరే, అది మిస్సుకీ ఆ పిల్లాడికీ వదిలేద్దాం. నాకు గుచ్చుకున్నది ఇంకోటి. ఆ చార్టు మొత్తంలో మీరు లేనిది ఇద్దరికే. కప్పకీ, టై కట్టుకున్నాయనకీ.

మీ సర్వీసు రికార్డు తిరగేశాను. చైనాలోని యునాన్ రాష్ట్రపు రాళ్లలో సుమారు 52 కోట్ల ఏళ్ల నాటి హైకోయిక్తిస్ అనే జీవి దొరికింది. అంగుళం పొడవు. దవడల్లేవు, కాళ్లు లేవు, గట్టి ఎముకంటూ లేదు. ఒంటి వెంబడి కండల పట్టీలు మాత్రం ఉన్నాయి, ఈదడానికి. అంటే నమలడం రాకముందే ఊపడం వచ్చింది. తర్వాత నేల మీదికి వచ్చే రోజుల్లో, దాదాపు 36 కోట్ల ఏళ్ల కింద, గ్రీన్‌లాండ్‌లో అకాంథోస్టెగా అనే జీవి ఉండేది. దానికి కాళ్లొచ్చాయి, ముందు కాలికి ఎనిమిదేసి వేళ్లొచ్చాయి. తోక మాత్రం రెక్కతో సహా చేపదే. కొత్త ఉద్యోగంలో చేరుతూ పాతది వదులుకోని జాగ్రత్త అది.

చేపలు కింది మెట్టు దగ్గరే ఆగిపోయాయని మావాళ్ల నమ్మకం. వెన్నెముక ఉన్న జాతుల్లో ఇవాళ్టికీ ఇంచుమించు సగం వాళ్లే. సముద్రాలన్నీ వాళ్లవి. నాది సింగిల్ బెడ్‌రూమ్, అదీ పది నెలల అడ్వాన్సు కట్టి అద్దెకు తీసుకున్నది.

మిమ్మల్ని ఎవరెలా వాడుకున్నారో చూస్తే ఒళ్లు మండుతుంది. సొరచేప పక్కలకి ఊపుతుంది. తిమింగలం పైకీ కిందికీ ఊపుతుంది, ఎందుకంటే దాని ముత్తాతలు నేల మీద నాలుగు కాళ్లతో వెన్ను పైకీ కిందికీ వంచుతూ పరిగెత్తినవాళ్లు. నీళ్లలోకి తిరిగి వెళ్లినా ఆ వంపు పోలేదు. కంగారూ మెల్లగా మేస్తూ నడిచేటప్పుడు మీరే ఐదో కాలు. సముద్రపు గుర్రం మిమ్మల్ని గడ్డిపోచకి చుట్టి అలలకి కొట్టుకుపోకుండా నిలబడుతుంది. 1861లో జర్మనీలో బయటపడ్డ ఆర్కియోప్టెరిక్స్ అనే పాతకాలపు పిట్టకి ఈకలతో పాటు పొడవాటి ఎముకల తోక ఉండేది. ఇప్పటి పిట్టలు ఆ ఎముకల్ని కుదించి, చివర కలిపేసి, చిన్న మొద్దు చేసి దాని మీద ఈకలు నాటుకున్నాయి. దాన్నే అంటారు తగ్గించుకున్నా పరువు పోగొట్టుకోకపోవడమని.

మా హాల్లో ట్యూబ్‌లైటు వెనక ఒక బల్లి ఉంది. మొన్న కిటికీ తలుపు వేస్తుంటే భయపడి తోక వదిలేసి పోయింది. ఆ ముక్క గచ్చు మీద ఎగిరెగిరి పడుతూనే ఉంది. మా ఆవిడ స్టూలెక్కింది, నేను సోఫా ఎక్కాను. దాని తోక పూసల్లో తెగడానికి వీలుగా ముందే బలహీనమైన చోట్లుంటాయి. శత్రువు గంతులేసే ముక్కని చూస్తుంటే అసలు మనిషి జారుకుంటుంది. మళ్లీ మొలిచే తోకలో ఎముక ఉండదు, మృదులాస్థి గొట్టమే. అయినా మొలుస్తుంది కదా! కప్ప సంగతి ఇంకా నయం. తోకకప్పగా ఉన్నన్నాళ్లూ ఈది, రూపం మారే రోజుల్లో నోరు పనికిరాక తిండి ఆగిపోతే, మిమ్మల్నే కరిగించుకుని కడుపు నింపుకుంటుంది. అంటే కప్ప కూడా మిమ్మల్ని ఊరికే పోగొట్టుకోలేదు.

మరి మాకేం జరిగింది? ఎదిగాం కాబట్టి వదిలేశాం అని చెప్పుకుంటాం. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూస్తే ఆ గొప్ప కూడా మిగల్లేదు. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కింద, గిబ్బన్లకీ చింపాంజీలకీ మాకూ ఉమ్మడి పూర్వీకుడి డీఎన్‌ఏలో, తన కాపీలు తీయించుకుంటూ ఎక్కడపడితే అక్కడ దూరే ఆలూ అనే ముక్క ఒకటి, తోక పెరగడానికి కావలసిన టీబీఎక్స్‌టీ అనే జన్యువులో దూరిందట. ఎలుకల్లో ఆ జన్యువు ప్రభావాన్ని అలాగే మారిస్తే కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోకే లేకుండా పుట్టాయి. కొన్నిటికి వెన్నుపాము సరిగా మూసుకోలేదు కూడా. అంటే మాది ప్రమోషన్ కాదు. ఎవరో కాపీ పేస్ట్ చేసిన ముక్క టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి పోయింది, రోల్‌బ్యాక్ చేసే నాథుడు లేడు. మీరు పోవడం వల్ల చెట్ల మీద నిటారుగా కదలడం తేలికైందేమోనని ఒక ఊహ ఉంది. ఊహే.

పోనీ, మీరు పోయాక ఊపడమైనా మానామా? అప్రైజల్ నెల వచ్చిందంటే చాలు. మేనేజర్ కాఫీ మెషీన్ వైపు లేస్తే వెనక ఆరుగురం లేస్తాం. టౌన్‌హాల్ మీటింగులో పెద్దాయన జోకు సగంలో ఉండగానే నవ్వు మొదలవుతుంది. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాలని మెయిల్ వస్తే "గ్రేట్ డెసిషన్ సార్" అని రిప్లై ఆల్ కొట్టినవాడు వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో నా వెనక కారులోనే ఏడుస్తుంటాడు. వీధి కుక్కైనా అన్నం పెడతారని వాసన తగిలాక ఊపుతుంది. మేం హైక్ మూడు శాతమని తెలిశాక కూడా ఊపుతున్నాం.

మీరు మాకు మిగిల్చింది ముడ్డిపూస. సాధారణంగా నాలుగు చిన్న పూసలు అతుక్కున్న ఎముక. కటి అడుగున ఉన్న కండరాలకి అదొక ఆధారం, కాబట్టి పూర్తిగా దండగ అనలేను. కానీ రోజుకి పది గంటలు కుర్చీలో కూలబడితే అది చేసే గోల అంతా ఇంతా కాదు. "టెయిల్ బోన్ పెయిన్ సార్, ఇక్కడ ఐటీవాళ్లకి కామన్" అన్నాడు ఫిజియో. తోక లేదు, తోక నొప్పి మాత్రం ఉంది.

తల్లి కడుపులో నాలుగో వారానికి మాక్కూడా తోక మొలుస్తుంది. ఎనిమిదో వారానికల్లా మాయం. మమ్మల్ని అడిగేదేమైనా ఉందా? కనీసం ఆ నాలుగు వారాలకి రిలీవింగ్ లెటరైనా ఇవ్వండి.

ఇట్లు,
తమరి మాజీ యజమాని

తా.క. బన్నేరుఘట్ట దారిలో గోడ మీద కోతులు కూర్చుని ఉంటాయి చూడండి. వాటికి మీతో పాటు పిరుదుల మీద గట్టి చర్మపు మెత్తలు కూడా పుట్టుకతోనే ఉన్నాయి. నేను మధ్యలో చిల్లున్న దిండు ఆర్డర్ చేశాను. డెలివరీ గురువారమట.