వోడ్కా తరఫున ఒక పిటిషన్

డిజర్ట్ కాక్‌టెయిల్ అని పేరు పెట్టి వోడ్కాని తీపి తినుబండారం చేసేస్తుంటే, దాని తరఫున వాదించడానికి ఎవరూ ముందుకు రావడం లేదు కాబట్టి ఈ కేసు నేనే తీసుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు.

ముందు నా కక్షిదారు ఎలాంటివాడో చెప్పాలి. పుట్టుక ధాన్యంలోనో బంగాళాదుంపలోనో. పులిసి, మరిగి, ఆవిరై, మళ్లీ చల్లబడి, చాలాసార్లు బొగ్గులోంచి కూడా వడకట్టబడి, రుచీ వాసనా రంగూ అన్నీ ఒక్కొక్కటిగా వదిలేసుకున్న సన్యాసి. నేను పెంచి చెప్పడం లేదు, అమెరికా ప్రభుత్వం రాసుకున్న నిర్వచనంలోనే వోడ్కాకి ప్రత్యేకమైన గుణం, వాసన, రుచి, రంగు ఉండకూడదని ఉండేది. 2020లో ఆ మాట తీసేశారు. తీసేయక ఏం చేస్తారు, ఇన్ని వదిలేసుకుని వచ్చినవాడిని గుమ్మంలోనే పట్టుకుని ఒళ్లంతా బర్త్‌డే కేక్ వాసన పూసి, మార్ష్‌మాలో అని, విప్డ్ క్రీమ్ అని, కారమెల్ అని పేర్లు పెట్టి అరల్లో నిలబెట్టాక!

వోడ్కాకి వాసన కట్టడం కొత్త పాపమేమీ కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. పోలండ్‌లో బైసన్ గడ్డి అనే సువాసన గడ్డి పరక సీసాలో వేసిన వోడ్కా ఎప్పటినుంచో ఉంది. అబ్సొల్యూట్ కంపెనీ 1986లో తెచ్చిన మొదటి ఫ్లేవరు మిరియాలూ మిరపకాయల ఘాటు, 1988లో తెచ్చింది నిమ్మ. గడ్డి, మిరప, నిమ్మ. ఇవి పెద్దమనుషుల రుచులు. అక్కడినుంచి కప్‌కేక్ దాకా ఎలా జారామో ఎవరూ విచారణ జరపలేదు. యూరప్ వాళ్లు మాత్రం గీత గీశారు, ఫ్లేవర్ వోడ్కాలో తీపి లీటరుకి 100 గ్రాముల లోపే ఉండాలట, అది దాటితే ఇక వోడ్కా అనే పేరు చెప్పుకోవడానికి లేదు. బాగానే ఉంది. కానీ సీసాలో 100 గ్రాములకు లెక్క చూసిన చట్టం, గ్లాసులోకి వచ్చాక పైన చాక్లెట్ సిరప్, ఆ పైన క్రీమ్, అంచుకి బిస్కెట్ పొడి, నెత్తిన చెర్రీ పెడుతుంటే ఎక్కడికి పోయినట్టు?

అసలు సంగతి నాకు తెలుసు. ముప్పై దాటిన మనిషి నలుగురిలో కూర్చుని “నాకో ఐస్‌క్రీమ్” అనడానికి సిగ్గుపడతాడు. అదే ఐస్‌క్రీమ్‌ని కాడ ఉన్న గ్లాసులో పోసి, రెండు చెంచాల మత్తు కలిపి, మార్టిని అని పేరు పెడితే కాలు మీద కాలేసుకుని తాగుతాడు. (మార్టిని అంటే జిన్నూ, వెర్మూత్ అనే మూలికల వైనూ అనుకునే రోజుల్లో పోయినవాళ్లు అదృష్టవంతులు.) ఇప్పుడు ఆ గ్లాసు ఆకారంలో ఏది పోసినా మార్టినీయే. డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండరు 1980ల్లో లండన్‌లో వోడ్కాలో కాఫీ కలిపి, నిజాయితీగా వోడ్కా ఎస్ప్రెస్సో అనే అన్నాడు. జనం ఊరుకున్నారా, ఎస్ప్రెస్సో మార్టిని చేసేదాకా నిద్రపోలేదు. అదే లండన్‌లో 2002 ప్రాంతంలో డగ్లస్ అంక్రా వెనీలా వోడ్కాలో ప్యాషన్ ఫ్రూట్ కలిపి ఒకటి కనిపెట్టాడు, దానికి తగిలిన పేరైతే ఇంట్లోవాళ్ల ముందు పైకి చదవలేం, కానీ దాని చివర కూడా మార్టినీయే.

ఒక్క విషయం మాత్రం కాసేపు నవ్వు ఆపి చెప్తాను. మామూలుగా కలిపే లెక్క చూడండి: 35 శాతం వెనీలా వోడ్కా 45 మిల్లీలీటర్లు, 17 శాతం ఉండే ఐరిష్ క్రీమ్ (విస్కీ, క్రీమ్ కలిపిన తీపి మద్యం) 30, మామూలు క్రీమ్ 30, చాక్లెట్ సిరప్ ఒక ధార. అందులో ఆల్కహాల్ పదహారు గ్రాముల పైమాటే, అంటే అమెరికా వాళ్లు ఒక డ్రింకు కింద లెక్కపెట్టే 14 గ్రాముల కన్నా ఎక్కువ. తీపి ఆల్కహాల్ మంటని కప్పేస్తుంది, క్రీమ్ గొంతుని నున్నగా చేస్తుంది, చల్లదనం తీపిని కూడా కాస్త దాచేస్తుంది కాబట్టి ఇంకొంచెం సిరప్ పోస్తారు, ఇలా ఒకరి తప్పు ఇంకొకరు కాస్తూ ముగ్గురూ కలిసి మనల్ని మూడో గ్లాసు దాకా తీసుకెళ్తారు. లేచి నిలబడినప్పుడు గానీ తెలియదు.

అందుకే నా డిమాండ్ చిన్నది. వీటికి స్పూన్ ఇచ్చి తీరాలి. తినేదాన్ని తాగేదని చెప్పి అమ్మకూడదు.

ఇంత సిద్ధాంతం ఉన్నవాణ్ని కాబట్టి, మొన్న అన్నయ్యా వదినా ఇంటికొచ్చినప్పుడు డిజర్ట్ కాక్‌టెయిల్ చేయమంటే, చేస్తాను గానీ నా పద్ధతిలో చేస్తానన్నాను. లెమన్ చీజ్‌కేక్ అట దాని పేరు. తయారీలో నిమ్మ ఫ్లేవర్ వోడ్కా అని రాసి ఉంది. ఛీ, నకిలీ వాసన నా ఇంట్లోకి రానివ్వను, స్వచ్ఛమైన వోడ్కాయే పోసి, ఎదురుగా రెండు నిమ్మకాయలు పిండాను. క్రీమ్ మరీ చిక్కగా ఉందనిపించి సగం పాలు కలిపాను. వెనీలా సిరప్ వేసి, ఐస్ వేసి, షేకరు మూత బిగించి, చేతులు మొద్దుబారేదాకా ఊపాను. ఈలోగా స్వచ్ఛత మీద ఒక చిన్న ఉపన్యాసం కూడా అయింది.

గ్లాసు అంచుకి బిస్కెట్ పొడి అందంగానే అంటింది. పోశాను. ముందు తెల్లటి నీళ్లు వచ్చాయి, వాటి వెనకాల పలుకులు పలుకులుగా ఏదో వచ్చింది, ఆఖర్న ఒక ముద్ద జాలీకి అడ్డం పడి ఇక రానంది.

నిమ్మరసం పీహెచ్ (పులుపుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) రెండుకి కాస్త అటూ ఇటూ ఉంటుందనీ, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ 4.6 దగ్గరికి వస్తేనే విరిగిపోతుందనీ నాకు తెలియక కాదు, ఉపన్యాసం మధ్యలో గుర్తురాలేదు. నేను గేటు బయటే ఆపేసిన ఆ నిమ్మ వోడ్కాలో సాధారణంగా ఉండేది తొక్క వాసనే, రసంలోని పులుపు కాదు. అది పోసి ఉంటే క్రీమ్ జోలికి వెళ్లేది కాదు. నకిలీ అన్నవాడే మర్యాదస్తుడు, అసలువాడే కొంప ముంచాడు.

వదిన గ్లాసుని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది.

“చీజ్ అయితే వచ్చేసింది మరిదీ, కేక్ ఎప్పుడొస్తుంది?”

అన్నయ్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాడు. వదిన బ్యాగులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. విప్డ్ క్రీమ్ ఫ్లేవర్ వోడ్కా. ఫ్రీజర్‌లోంచి ఐస్‌క్రీమ్ తీసి రెండు ముద్దలు కప్పులో వేసి, పైన ఆ సీసా వంచి, గ్లాసు, కాడ, మార్టిని, ఏ పేరూ పెట్టకుండా నా ముందుకి జరిపి, స్పూన్లు ఎక్కడున్నాయని అడిగింది.

రెండు తెచ్చాను.