పొట్ట చూసి తిట్టడం ఆపండి, టేపు తీసి కొలవండి

మా కందుకూరు వైపు ఏ పెళ్లికెళ్లినా పొట్ట ఉన్నోడికి తప్పని మాట ఒకటుంది: "ఏంది బావా, కాస్త నోరు కట్టుకోరాదా?" ఈ మాట ఇక మానుకోవాలి.

కొవ్వంటే మిగిలిన తిండిని దాచుకునే గాదె అనుకుంటాం గానీ, అందులో రోగనిరోధక కణాలు కాపురముంటాయి. ఒళ్లు సన్నగా ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ భాగం లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) రాకుండా కాచుకుంటాయి. కొవ్వు కణాలు ఉబ్బిపోయి, ఆక్సిజన్ చాలక, కొన్ని చచ్చిపోవడం మొదలైతే కథ మారిపోతుంది. మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు వచ్చి చచ్చిన కణం చుట్టూ మూగి వాపు రసాయనాలు వదులుతాయి, దాంతో ఇన్సులిన్ మాట పక్క కణాలు వినవు, కొవ్వు రక్తంలోకి జారి కాలేయానికి చేరుతుంది, షుగర్‌కు దారి పడుతుంది. అలాంటి రసాయనమే టీఎన్ఎఫ్ ఆల్ఫా. లావెక్కిన ఎలుకల కొవ్వులో అది ఎక్కువగా ఉందని 1993లోనే హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ అనే శాస్త్రవేత్తల బృందం చూపించింది, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్లీ మెరుగ్గా పనిచేసింది. సన్నటి ఎలుకల కొవ్వులో 10 శాతం లోపు ఉండే మాక్రోఫేజ్‌లు మరీ లావైన వాటిలో 50 శాతం దాటతాయని 2003లో తేలింది.

తక్కువ తిని ఎక్కువ నడిస్తే చాలదా అంటారు. మేలే, కాదనను. కానీ ఎలుకల్లో బరువు తగ్గాక కూడా ఆ వాపు కణాలు పూర్తిగా పోలేదు. మనుషుల్లోనూ అలాగే జరుగుతుంటే తప్పంతా నోటిదే కాదు. ఆర్నెల్లు కడుపు మాడ్చుకుని తగ్గి, మళ్లీ పెరిగిన మనిషిని మనం సోమరి అనేస్తున్నామే, అది అన్యాయం.

అసలు మనవాళ్లకు బరువే సరైన కొలత కాదు. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి లెక్కలే పక్కపక్కన పెట్టి చూపారు: బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, ఇద్దరికీ 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులు ఒంగోలు బస్టాండులో ఎంతమంది కనపడరు? బరువు మిషను ఎక్కితే వాళ్లంతా 'నార్మల్'.

ముప్పై దాటిన వాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత అడిగే ప్రశ్న ఉంది. మా వీధిలో మాత్రం కంటిచూపుతో అంచనా వేసి టిక్ పెట్టి వెళ్లారు. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమె సంచిలో టేపే లేదు. ముందు ఆ టేపు ఇవ్వండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, మనిషి ఎంత బక్కగా కనపడినా సరే, అదే రోజు షుగర్ పరీక్ష చేయించండి.