పెద్ద టర్బో వేస్తే పుల్లింగ్ పెరుగుతుందా?

విజయనగరం నుంచి సాలూరు దాకా ఏ లారీ షెడ్డులో కూర్చున్నా ఇదే మాట: "పెద్ద టర్బో వేయించు బాబూ, బండి ఎగిరిపోద్ది." వింటే ఒళ్లు మండుతుంది. ఎక్కడైనా ఎగురుతుందేమో గానీ, లోడుతో సాలూరు దాటాక వచ్చే పి.కోనవలస ఘాట్ మీద మాత్రం ఎగరదు.

టర్బోలో ఎగ్జాస్ట్ వైపు ఉండే పోత ఇనుప గుల్లే టర్బైన్ హౌసింగ్. ఇంజిన్ వదిలిన పొగ దాని గొంతులోంచి దూరి చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసన గాలిని ఇంజిన్లోకి కుక్కే చక్రం ఉంటుంది. గొంతు ఇరుకైతే పొగ వేగం పెరిగి, తక్కువ ఆర్పీఎంలోనే బూస్టు, అంటే ఒత్తిడితో లోపలికి కుక్కే గాలి, అందుతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గొంతు వెడల్పయితే, ఇంజిన్ గట్టిగా తిరిగి బోలెడు పొగ వదిలితే గానీ చక్రం అందుకోదు.

అలాగని ఇరుకుదే మేలనీ అనను. ఆర్పీఎం పెరిగాక పొగ బయటికి పోలేక సిలిండర్ మీద ఎదురు ఒత్తిడి పెడుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని చక్రానికి తగలకుండా పక్కకి వదిలే తలుపు) లేకపోతే టర్బో హద్దు మీరి తిరుగుతుంది. టెక్కలి గ్రానైట్ బండలతో జాతీయ రహదారి 16 మీద టాప్ గేరులో సాఫీగా పోయే బండికి కాస్త వెడల్పుది నడుస్తుంది. సాలూరు దాటి ఒడిశాలోని సుంకి వైపు చిన్న గేరులో, 1,200 ఆర్పీఎం దగ్గర మూలుగుతూ ఎక్కే బండికి అదే పెద్ద శాపం. (సాలూరు 2022 నుంచి మన్యం జిల్లా అయిపోయింది గానీ, లారీ పని పడితే మేం ఇప్పటికీ అక్కడికే పోతాం.)

మా బండి టర్బో ఆయిల్ కొడుతోందని ఓ షాపులో ఇస్తే, "సేమ్ మోడలే" అంటూ వేరే హౌసింగ్ బిగించి పంపారు. బోల్టులు కుదిరాయి, పైకి చూస్తే తేడా లేదు. ఘాట్ మొదలవగానే పుల్లింగ్ పోయింది. అడిగితే వాళ్ల జవాబు, "డీజిల్ పంపు పెంచేద్దాం లెండి."

అసలు నాశనం ఇక్కడే మొదలవుతుంది. పాత మెకానికల్ పంపుల్లో చాలావాటికి బూస్టు వచ్చేదాకా డీజిల్ బిగబట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తిప్పేస్తే డీజిల్ పడుతుంది, గాలి మాత్రం రాదు. నల్లపొగ, మైలేజీ గోవిందా. అలాగే లాగిస్తే వేడికి మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే గొట్టం) పగులుతుంది, చివరికి పిస్టన్ కరుగుతుంది. తప్పు గుల్లది, శిక్ష ఇంజిన్‌కి!

చాలా హౌసింగ్‌ల మీద పోతలోనే సైజు ఉంటుంది. కొన్నిటి మీద 0.63, 0.82 లాంటి ఏ/ఆర్ అంకె, అంటే గొంతు వైశాల్యాన్ని ఇరుసు నుంచి దాని దూరంతో భాగించగా వచ్చేది. హోల్సెట్ కంపెనీ వాటికైతే గొంతు వైశాల్యాన్నే చదరపు సెంటీమీటర్లలో చెబుతారు. చక్రం ఒకటే అయితేనే ఈ అంకెల్ని పోల్చాలి. గాలి వైపు గుల్ల మీది అంకె చూసి మురిసిపోయేవాళ్లూ ఉన్నారు, దాని ప్రభావం చాలా తక్కువ.

ఆరు సిలిండర్ల బండికి ఇంకో తిరకాసు. హౌసింగ్ నోరు రెండుగా చీలి ఉంటే 1, 2, 3 సిలిండర్ల పొగ ఒక దారిలో, 4, 5, 6 ది ఇంకో దారిలో వస్తాయి. ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాకుండా దెబ్బ దెబ్బకీ చక్రానికి తగులుతుంది. అది తీసి ఒంటి నోరుది పెడితే కింది ఆర్పీఎంలో లాగే బలం తగ్గుతుంది. విప్పకముందే ఆ నోరు, ఆ అంకె ఫోన్లో ఫొటో తీసుకోండి. "టర్బో రిపేరు" అని ఒక్క ముక్క రాసిన బిల్లు ఇస్తే, హౌసింగ్ నంబరు కూడా రాయించాకే డబ్బులివ్వండి.