2120 దాకా భయం లేదట!

వానాకాలం రాగానే నల్గొండ వైపు ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. సారాంశం ఇది: "వందేళ్లకోసారి పడే వాన 2020లో పడిపోయింది, ఇక 2120 దాకా భయం లేదు. అయినా మనది కరువు నేల, వరద మనకెక్కడిది? నాలుగేళ్లు బాగా కురిసింది కనుక వచ్చేది కరువే." మూడు మాటలు, మూడూ తప్పే. చెరువు నీరు నిలిచే శిఖం భూముల్లో ప్లాట్లు కొనేవాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారు కనుక జవాబు చెప్పక తప్పడం లేదు.

ముందు ఆ "వందేళ్లకోసారి" సంగతి. ఇందులో జనం తప్పు కన్నా ఆ పేరు పెట్టినవాళ్ల తప్పే ఎక్కువ. ఏ ఏడాదైనా సరే, అంతటి వాన పడే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే దాని అర్థం. నూరు చింతగింజల్లో ఒకదానికి సున్నం పూసి సంచిలో వేయండి. ఏటా కళ్లు మూసుకుని ఒక గింజ తీసి, చూసి, మళ్లీ సంచిలోనే వేయాలి. నిరుడు సున్నం గింజ వచ్చిందని ఈసారి అది దాక్కోదు. 30 ఏళ్లలో ఒక్కసారైనా అది చేతికి తగిలే అవకాశం 26 శాతం. అంటే ఇంటి అప్పు తీరేలోపు నాలుగో వంతు ముప్పు. తమాషా ఏమిటంటే, నూరేళ్లు తీసినా తప్పక వస్తుందని లేదు. ఆ అవకాశం 63 శాతమే.

పైగా ఆ నూరు ఎవరూ నూరేళ్లు కూర్చుని లెక్కపెట్టింది కాదు. ఏటా అన్నిటికన్నా ఎక్కువ కురిసిన ఒక్కరోజు వానను ఏరి వరుసగా పేరుస్తారు. 40 ఏళ్ల లెక్కలుంటే, వాటిలో అతి పెద్దది 41 ఏళ్లకోసారి వచ్చే వాన అని మామూలు సూత్రం చెబుతుంది. ఆపైన చెప్పేదంతా గంబెల్ వంటి గణితజ్ఞులు చూపిన రేఖను ముందుకు సాగదీసి వేసే అంచనా. ఒక్క పెద్ద వాన కొత్తగా చేరితే ఆ రేఖే జరుగుతుంది. కొలతలోనూ చిక్కుంది. ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా ఒక రోజు కింద లెక్క. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా దంచిన వాన రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోతుంది. అందుకే ఒక్కరోజు గరిష్ఠాన్ని 24 గంటల గరిష్ఠంగా మార్చేటప్పుడు సుమారు 13 శాతం కలపడం ఆనవాయితీ. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. పాత లెక్కలతో గీసిన రేఖకు ఈ సంగతి తెలియదు.

ఇంకొకటి. 2020 అక్టోబరు 13న హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. అది అక్కడి వానమాపకం లెక్క. దాంతో దేవరకొండ బాకీ గానీ అచ్చంపేట బాకీ గానీ తీరిపోలేదు.

కరువు నేలకు వరద రాదన్న మాటకు 2009 చాలు. ఆ ఏడాది దేశం మొత్తం మీద నైరుతి వాన 22 శాతం తక్కువ. అయినా అక్టోబరు మొదట్లో తుంగభద్ర ఒడ్డునున్న అలంపూర్ నీట మునిగింది. కృష్ణా మీది శ్రీశైలం జలాశయాన్ని దాదాపు 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టారు. వచ్చింది సుమారు 25 లక్షలు. సగటు తక్కువగా ఉన్నచోటే ఏటికేడు ఊగిసలాట ఎక్కువ.

మూడోది మొదటి తప్పునే తిరగేసి చెప్పడం. వచ్చింది కనుక ఇక రాదని అక్కడ, కరువు రాలేదు కనుక వస్తుందని ఇక్కడ. పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో ఏర్పడితే కరువు అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ అది సముద్రాన్ని చూసి చెప్పవలసిన మాట, వేళ్ల మీద లెక్కించేది కాదు. సాధారణం కన్నా 25 శాతానికి మించి తగ్గితే వాతావరణ శాఖ దాన్ని కరువు అంటుంది. చల్కా (ఎర్ర ఇసుక) నేలలోని పత్తి మొలకకు ఆ లెక్క పట్టదు. విత్తిన తర్వాత మూడు వారాలు ఎండగాసి, సెప్టెంబరులో రెండు రోజులు కుండపోతగా కురిస్తే మొత్తం సరిపోతుంది. పట్టికలో అది మామూలు ఏడాదే. ఈలోగా రైతు రెండోసారి విత్తనాలు కొన్నాడు.